గుర్రం కుడి చెవి

మా బడిలో గ్రంథాలయం అంటే ఒక ఇనుప బీరువా. దాని తాళం నా దగ్గరే ఉంటుంది. పిల్లలు చేతులు కడుక్కుని వస్తేనే తలుపు తీస్తాను. పేజీ నలిపితే ఊరుకోను. నేను కోపిష్టి టీచర్నని కొత్తవలసలో పేరు. ఆ పేరు పోగొట్టుకోవాలని నాకేమీ లేదు.

మొన్న చలి బాగా ముదిరిన రోజుల్లో, మధ్యాహ్న భోజనాల గంటకి కాస్త ముందు, నాలుగో తరగతి పిల్ల ఒకతె ఆ బీరువాలోంచి బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచింది.

"టీచర్, ఇదేటి టీచర్? దెయ్యమా?"

చూస్తే ఒక ఇంటి గుమ్మం, చుట్టూ మంచు. గుమ్మం ముందు తెల్ల దుప్పటి కప్పుకున్న మనిషి. దుప్పటి పైన మనిషి తలకి బదులు గుర్రం పుర్రె ఉంది. కళ్ల చోట గాజుముక్కలు, చెవుల దగ్గర రంగు రిబ్బన్లు.

పక్కన రాసింది చదివి చెప్పాను. ఉత్తరాన చలిదేశాల్లో, పగలు బాగా కురచైపోయే రోజుల్లో చేసుకునే పండగలట అవి. వేల్స్ అనే చోట ఇలా గుర్రాన్ని పట్టుకుని ఇంటింటికీ వెళ్తారట. గుమ్మం దగ్గర నిలబడి పాట కట్టి వెక్కిరిస్తారు, లోపలివాళ్లు పాటతోనే బదులు చెబుతారు. ఇంటివాళ్లు ఓడిపోతే గుర్రాన్ని లోపలికి రానిచ్చి తిండి పెట్టాలి. ఇంకో పేజీలో స్వీడన్ వైపు గడ్డితో అల్లే మేకపోతు. జర్మనీ వైపు ఆ రోజుల్లో చచ్చిపోయినవాళ్లు గుర్రాలెక్కి ఆకాశంలో పోతారని మరో పేజీ. చివరి పేజీలో పొయ్యిలో కాలుతున్న పెద్ద దుంగ. దాన్ని పూర్తిగా కాలనివ్వరట. ఒక ముక్క తీసి దాచి, మరుసటి ఏడు ఆ ముక్కతోనే కొత్త దుంగని అంటిస్తారట. అలా చేస్తే ఏటేటా మండేది ఒకటే మంట అని వాళ్ల నమ్మకం.

పిల్ల అంతా విని, మళ్లీ గుర్రం పేజీకే వెళ్లింది.

"మరి పండగయిపోయాక ఈ గుర్రాన్ని ఎక్కడెడతారు టీచర్?"

పుస్తకంలో లేదు. రేపు చెప్తాను, వెళ్లి కంచం తెచ్చుకోమని కసిరి పంపించాను. అది వెళ్లాక చాలాసేపు ఆ పేజీ అలాగే తెరిచి ఉంది.

మా నాన్నకి విజయనగరంలో కర్రల అడితీ ఉండేది. ఇది మరీ పాతకాలం ముచ్చటేమీ కాదు. నాకింకా తల నెరవలేదు. అప్పటికే అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, అందరి వంటిళ్లలోనూ గ్యాస్ బండలు వచ్చేశాయి. అయినా ఆ లోకం పోయింది. లోకం పోవడానికి వందేళ్లు అక్కర్లేదు, ఒక ఏడాది సరిపోతుంది.

అడితీలో సరుగుడు కర్రలు, మామిడి దుంగలు, చింత మొద్దులు పేర్చి ఉండేవి. తడిసిన చింతకర్రకి పుల్లటి వాసన ఉంటుంది, కొత్తగా కోసిన మామిడికి జీడి వాసన. వీధి చివర నుంచే కళ్లు మూసుకుని ఈరోజు ఏ లోడు దిగిందో చెప్పేదాన్ని. అందరి ఇళ్లలోనూ కట్టెల పొయ్యి పోయాక మాకు మిగిలిన బేరం రెండే రకాలు. పెళ్లిళ్ల వంటలకి, చావులకి. "ఏడుపైనా నవ్వైనా మన గుమ్మంలోకే రావాల" అని మా మామ్మ గొప్పగా అనేది. మామ్మంటే మా నాన్నకి అమ్మ. బంగారు పోగులు, ముక్కుపొడుం, ఎదుటివాడి నోరు మూయించే నాలుక, ఇదీ ఆవిడ ఆస్తి.

భోగికి వీధి మంటలో వేసే పెద్ద దుంగ ప్రతి ఏడూ మా అడితీ నుంచే వెళ్లేది. మంట అంటించేది కూడా మా నాన్నే. వీధిలో మా ఇంటికి ఉన్న పరువంతా ఆ ఒక్క దుంగలో ఉండేది.

అడితీ వెనక రేకుల షెడ్డులో, దూలానికి వేలాడుతూ ఒక గోనెమూట ఉండేది. ఐదు ముళ్లు వేసి కట్టి ఉంటుంది. అందులో గుర్రం ఉండేది.

ఆ గుర్రం ఒక ముసలాయనది. ఆయన ఊరు నెల్లిమర్లకి అవతల. వయసులో గోగునార కట్టలు మోసే పని చేశాడు, పండగ రోజుల్లో కొయ్యగుర్రం కట్టుకుని ఆడేవాడు. గుర్రం తల అంకుడు కర్రతో చెక్కింది. ఒంటికి వెదురు బద్దలు, చుట్టూ ఎర్రగుడ్డ కుచ్చిళ్లు. మధ్యలో ఉన్న ఖాళీలోకి దిగి ఆయన నడుముకి కట్టుకుంటే మనిషీ గుర్రమూ ఒకటైపోయేవారు. ఆయన ఇల్లు తాటాకు కప్పు. చెదలు, ఎలకలు. అందుకని మా తాత బతికున్న రోజుల్లోనే గుర్రాన్ని ఏడాది పొడుగునా మా షెడ్డులో దాచిపెట్టే ఏర్పాటు జరిగిందట. కాగితం లేదు, కలం లేదు. మా తాత సరేనన్నాడు, అంతే.

పండగ నెల పట్టగానే ఆయన ఆటోలో దిగేవాడు. చంకలో కొత్త గోగునార కట్ట. నేను బడినుంచి వచ్చేసరికి షెడ్డులో మూట విప్పుకుని కూర్చుని ఉండేవాడు. వేపాకు, కర్పూరం, పాత చెమట కలిసిన వాసన వచ్చేది ఆ మూటలోంచి. నేను ఆయన్ని గుర్రం తాత అనేదాన్ని. నార దువ్వి జూలు అల్లడం నాకు నేర్పింది ఆయనే.

ఆ చివరి ఏడు నాకు పన్నెండేళ్లు. జూలు కుట్టడం అయ్యాక ఆయన గుర్రం తలని ఒళ్లో తిరగేసుకుని నన్ను పిలిచాడు.

"ఇలగ రా అమ్మీ. దీని పీకలో సెయ్యెట్టు. ఏటైనా తగిల్నాదా?"

వేళ్లకి గరుకుగా ఒక చీలలాంటిది తగిలింది. చుట్టూ ఉన్న కర్ర నున్నగా ఉంది, అది మాత్రం వేరు.

"ఏదో ముక్క ఉంది తాతా."

"ఆఁ. అది మా తాత ఎక్కిన గుర్రం ముక్క. దానికి సెదలు పట్టీసినాయి. మా అయ్య ఈ గుర్రం సెక్కినప్పుడు పాతదాన్లోంచి ఓ ముక్క తీసి దీని పీకలో దిగ్గొట్టేడు. అందుకే ఇది కొత్త గుర్రం కాదు. అదే గుర్రం."

"ముక్క పెట్టకపోతే?"

"ఎట్టకపోతే ఒట్టి కర్ర. పెద్దపండగనాడు మా పెద్దోళ్లకి కొత్త గుడ్డలు సూపించి, కూడెట్టి, గుర్రాన్ని ముందర నిలబెడతాను. మా అయ్యా, తాతా దీన్నెక్కే ఒస్తారు. కర్రనెట్టుకుని రమ్మంటే ఒస్తారేటి?"

మా వైపు పెద్దపండగ అంటే చచ్చిపోయినవాళ్ల పండగే. ముందు వాళ్లకి పెట్టి, తరవాత మనం తినాలి. అందుకని ఆయన మాట నాకు వింతగా అనిపించలేదు. వచ్చేవాళ్లకి బండి కావాలి కదా అనుకున్నాను.

పండగ మూడు రోజులూ ఆయన ఆట మా గుమ్మం ముందే మొదలయ్యేది. మామ్మ కావాలనే తలుపు గడియ పెట్టి లోపల నిలబడేది. బయట ఆయన కాలి గజ్జెలు మోగిస్తూ అరిచేవాడు.

"తలుపు తియ్యమ్మా, గుర్రానికి ఆకలేస్తంది!"

"నీ గుర్రానికి పళ్లున్నాయేటి తినడానికి?" అనేది మామ్మ.

"నీకున్నాయేటమ్మా? నువ్వు తినట్లేదా?"

"ఓలమ్మ, నోరు సూడు దీనిది! ఏం పెట్టమంటావు?"

"ఉలవలెట్టు. లేకపోతే నీ మీదకే ఎక్కించీగలను!"

వీధి వీధంతా నవ్వేది. చివరికి మామ్మే ఓడిపోయేది, ఎప్పుడూ. తలుపు తీసి చాటలో ఉలవలు, అరిసెలు, నువ్వులుండలు పెట్టి గుర్రం నోటిదాకా చాట ఎత్తేది. ఆ ఏడు కూడా ఉలవలు ముందే చెరిగి డబ్బాలో పోసి ఉంచింది.

ఆ ఏడే మా నాన్న అడితీ స్థలం వదులుకున్నాడు. అక్కడ అద్దాల సెల్‌ఫోన్ల షాపు వస్తుందని మాట. పండగ వెళ్లగానే షెడ్డు కూల్చాలి. ఉన్న కర్ర ఉన్నట్టు ఎవరికో తోలించేశాడు. గుర్రం తాతకి మాత్రం చెప్పలేదు. జూలు కుట్టుకోవడానికి వచ్చినప్పుడు చెబుతాడనుకున్నాను. టీ ఇప్పించి, బాగోగులు అడిగి, పంపించేశాడు. మా నాన్న మాట మీద నిలబడే మనిషని ఊళ్లో పేరు. అలాంటివాళ్లకి మాట వెనక్కి తీసుకోవడం చేతకాదు.

ఇక మా వీధి పిల్లల సంగతి. భోగికి కర్ర దొంగతనం మా దగ్గర తప్పు కాదు, హక్కు. గట్టుమీద పెట్టిన పీట, విరిగిన మంచం కోడు, కంచెకి కట్టిన వాసం, ఏది దొరికితే అది. దానికో రివాజు ఉంది. అగ్గి పెట్టేదాకా ఎవరి సామాను వాళ్లు గుర్తుపట్టి కుప్పలోంచి లాక్కోవచ్చు. అంటుకున్నాక అడగకూడదు, ఏడవకూడదు, తిట్టకూడదు. ఎదురింటి టైలరు గారైతే తన బల్ల పోతుందేమోనని భోగి ముందురోజు ఆ బల్లమీదే కూర్చుని భోంచేసేవాడు.

ఈ దొంగతనంలో ఆడపిల్లల్ని చేర్చుకునేవారు కాదు. జట్టుకి నాయకుడు మా మేనత్త కొడుకు, నాకు బావ. నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ సాయంత్రం వాళ్ల కుప్ప నా నడుం దాకా కూడా లేదు. పక్క వీధి కుప్ప మనిషి ఎత్తు లేచింది.

"అడితీవోళ్ల పిల్లవి. ఈ యేడు మీ ఇంట్లోంచి ఓ పుల్ల కూడా నేదేటే?" అన్నాడు బావ అందరి ముందూ. "ఇంకేటి అడితీ! మీ నాన్నని సెల్‌ఫోన్లు తెచ్చి కుప్పలో పొయ్యమను."

జట్టంతా పడీ పడీ నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. మా ఇంట్లో వంటింటినిండా అరిసెల పాకం వాసన, నూనె పొగ. అమ్మా మామ్మా పొయ్యి దగ్గర నుంచి కదలరు. నాన్న బజారుకి వెళ్లాడు. నేను వెళ్లి షెడ్డు వెనక తలుపు గడియ తీసి వచ్చాను.

"లోపల పాత తలుపు చెక్కలున్నాయి. కాటా కింద బల్ల ఉంది. తెచ్చుకోండి," అన్నాను.

పైన వేలాడుతున్న మూట ముట్టుకోవద్దని చెప్పలేదు. చెప్పాలని తట్టలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. తట్టింది. చెబితే, ఇది తియ్యకు అది తియ్యకు అనే ఆడపిల్లనవుతానని ఊరుకున్నాను. కుర్రాళ్లు గడియ తీసిన షెడ్డులోకి వెళ్లి ఒక మూటని వదిలేసి వస్తారని పన్నెండేళ్ల పిల్ల కూడా అనుకోదు.

భోగినాడు తెల్లవారుజామున మంచు ముఖాన్ని తడిపేస్తోంది. మంకీ టోపీలు, దుప్పట్లు, పళ్లు తోముకుంటూ వచ్చినవాళ్లు. మంటమీద నీళ్లు కాచుకోవడానికి బిందెలు పట్టుకుని ఆడవాళ్లు. ఆవుపేడ పిడకల దండ మెళ్లో వేసుకుని నేనూ వెళ్లాను. కుప్ప ఇద్దరు మనుషుల ఎత్తుంది. తలుపు చెక్కలు, బల్ల, సరుగుడు వాసాలు, అన్నిటిమీదా గోనెమూట. ఐదు ముళ్లు. నేను లెక్కపెట్టాను.

బావ నా నెత్తిమీద మొట్టాడు. "ఈ యేడు ఎత్తంతా నీదేనే! వచ్చే యేడు నువ్వు మా జట్టే."

ఒక్క మాట అంటే సరిపోయేది. మూట దింపండిరా అంటే బావే ఎక్కి దింపేవాడు. రివాజు కూడా నా వైపే ఉంది. అప్పటికింకా అగ్గి పెట్టలేదు. అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు. అంతమంది నన్ను చూసి అలా నవ్వడం అంతకుముందెప్పుడూ జరగలేదు. నేను నోరు విప్పలేదు.

మా నాన్న కర్పూరం బిళ్లలు, అగ్గిపెట్టె పట్టుకుని వచ్చాడు. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. తల పైకెత్తాడు. ఆయన చూపు మూటమీద ఆగింది. ఆయన చిన్నప్పటినుంచీ షెడ్డులో వేలాడిన మూట అది, ఆయనకి తెలియకపోవడమేమిటి? హమ్మయ్య, నాన్న చూశాడు, నాన్న దింపిస్తాడు అనుకున్నాను. ఆయన వంగి అగ్గి పెట్టాడు.

గోనె ముందు అంటుకుంది. తరవాత జూలు. నేను అల్లిన జూలు ఒక్కసారిగా భగ్గుమంది. గుడ్డ కాలి ఊడిపోతే గుర్రం తల బయటపడింది.

"ఓలమ్మో, గుర్రంరా!" అని ఎవరో అరిచారు. మా అడితీవాళ్లు చేయించిన కొత్త సరదా అనుకున్నారు. అందరూ ఫోన్లు పైకెత్తారు. బావ వీడియో తీశాడు. పిడకల దండ మంటలో వెయ్యమని నన్ను ముందుకి తోశారు. నేను వేసి దండం పెట్టుకున్నాను. ఏమని దండం పెట్టుకున్నానో నాకు గుర్తులేదు, గుర్తుండకపోవడమే మంచిది.

మంట సగం తగ్గాక కుప్ప ఒరిగి, ఒక ముక్క దొర్లుకుంటూ నా కాళ్లదాకా వచ్చింది. గుర్రం కుడి చెవి. సగం బొగ్గైంది, సగం ఎర్రరంగు అలాగే ఉంది. దాని మీద చెంబుతో నీళ్లు పోసి, స్వెట్టర్ జేబులో వేసుకున్నాను.

ఎండ వచ్చేసరికి గుర్రం తాత వచ్చాడు. తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, గజ్జెలు సంచిలో వేసుకుని. నేరుగా షెడ్డులోకి వెళ్లాడు. బయటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురింటి టైలరే పాపం నసుగుతూ చెప్పేశాడు.

మా నాన్న అరుగుమీదకి వచ్చాడు.

"ఏటి సెప్పమంటావు తాతా! కుర్రగుంటలు, తెలీక యేసీసినారు. నాను సూసుకోలేదు."

ముసలాయన వీధి మధ్య బూడిదనే చూస్తున్నాడు.

"అయినా భోగి మంటకెక్కినదాన్ని అడక్కూడదు కదా," అన్నాడు నాన్న.

"అడక్కూడదు బాబూ," అన్నాడు ఆయన. "నాను అడగట్నేదు."

ఆయన వెళ్లి బూడిద పక్కన గొంతుక్కూర్చుని, ఒక పుల్లతో కెలకడం మొదలుపెట్టాడు. చాలాసేపు కెలికాడు. ఉతికిన పంచె నల్లబడిపోయింది. ఉలవలు పోసిన చాట పట్టుకుని మామ్మ గుమ్మంలో నిలబడింది.

చివరికి ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మీ, నువ్వు మంటకాడే ఉన్నావు కదా. ఏటైనా మిగిల్నాదా? బొగ్గుముక్కైనా సాలు. ఏసంగి ఎండల్లో ఇంకోటి సెక్కుకుంటాను. దాని పీకలో ఎట్టడానికి ఒక్క ముక్క కావాల."

చెవి నా జేబులో ఉంది. ఇంకా తడిగానే ఉంది, స్వెట్టర్‌లోంచి ఒంటికి చల్లగా తగులుతోంది. అది తీసి ఇస్తే ఎక్కడిదంటాడు. మంటలో పడుతుంటే చూశావా అంటాడు. మరి ఎందుకు చెప్పలేదంటాడు. గడియ ఎవరు తీశారంటాడు. నాన్న అరుగుమీద నుంచి నన్నే చూస్తున్నాడు.

"లేదు తాతా. ఏమీ మిగల్లేదు," అన్నాను.

ఆయన నా మాట నమ్మాడు. జూలు అల్లిన పిల్ల అబద్ధం ఎందుకాడుతుందని నమ్మాడు. మామ్మ చాట ముందుకి చాపితే ఉలవలు తువ్వాల్లో పోయించుకున్నాడు.

"గుర్రం పేరు సెప్పి నానే తింటానులేమ్మా," అన్నాడు.

ఆయన వెళ్లాక నాన్న లోపలికి వచ్చి చొక్కా విప్పుతూ అమ్మతో అన్న మాట నాకు వినబడింది.

"పోన్లే. షెడ్డు సంగతి ఎలాగ సెప్పాలా అనుకున్నాను. ఒక పని తప్పింది."

ఆ రోజు అరిసెలు నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టే ఉంది. మా ఇంట్లో ఇద్దరు దొంగలం. ఒకరి దొంగతనం ఒకరికి తెలుసో తెలియదో ఈనాటికీ తెలియదు. నేనూ నాన్నా ఆ గుర్రం ఊసు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

కనుమనాడు ఆయన మళ్లీ వచ్చాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు. కాళ్లకి గజ్జెలు కట్టుకున్నాడు, నడుముకి ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు. కళ్లెం పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకి పెట్టి, లేని గుర్రం మీద మా గుమ్మం ముందు ఆడాడు. పిల్లలు వెంటపడి, "గుర్రమేది తాతా? గుర్రమేది?" అని గోల పెట్టారు. తాగి వచ్చాడేమోనని పెద్దవాళ్లు అనుకున్నారు.

"గుర్రం ముందెల్లిపోనాదిరా. ఎనకాల నాను ఎల్తన్నాను," అన్నాడు నవ్వుతూ.

నేను కిటికీ సందులోంచి చూశాను. మామ్మ ఆ రోజు గడియ పెట్టలేదు. ఆయన నోరు తెరవకముందే తలుపు బార్లా తీసేసింది. వెక్కిరించే మాటే లేకపోయింది ఇద్దరికీ. అంత చప్పగా మా గుమ్మంలో పండగ ఎప్పుడూ జరగలేదు. తరవాతి ఏడు షెడ్డు లేదు, ఆయన రాలేదు, ఎందుకు రాలేదని వీధిలో ఎవరూ అడగలేదు. సెల్‌ఫోన్ల షాపువాళ్లు భోగికి స్పీకర్లు పెట్టారు. నన్ను తన జట్టులో చేర్చుకుంటానన్న బావ ఆ ఏడు నిద్రే లేవలేదు.

చెవి నా దగ్గరే ఉంది. మొదట జామెట్రీ బాక్సులో, తరవాత బట్టల పెట్టెలో. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒకనాడు దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని నెల్లిమర్ల వెళ్లాను. అక్కడినుంచి ఆటో. దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. కొట్టినా సరే అనుకున్నాను.

తాటాకు ఇల్లు పోయి స్లాబు వేశారు. ఆయన కోడలు గుమ్మంలో కందికాయలు వలుస్తోంది. నేను విజయనగరం అడితీవాళ్ల అమ్మాయినని చెప్పాను. కూర్చోడానికి పీట వేసి, గ్లాసుతో మజ్జిగ తెచ్చింది.

"మా మావ పోయి రెండేళ్లయ్యిందమ్మా. మీ ఇంటి సంగతులు సెప్తుండేవోడు. మీ మామ్మగారు ఉలవలెట్టడం, మరి నువ్వేనేటి జూలు అల్లిందానివి?"

అవునన్నాను. గుర్రం సంగతి అడిగాను. మళ్లీ చెక్కాడా?

"సెక్కకేం! ఆ ఏసంగిలోనే సెక్కేడు. ఎంత బాగా కుదిరిందో. పీకలో ఇంత కన్నం ఒగ్గీసి, రంగులన్నీ ఎయ్యించేడు. కట్టుకుని ఆడు మావా అంటే ఆడడు. ముక్క దొరకాల, అప్పుడాడతాను అంటాడు. ఏటి ముక్కో, ఎక్కడ దొరుకుతాదో మాకేటి తెలుసు? అన్నేళ్లూ మూల నిలబెట్టుకుని, పెద్దపండగనాడు దానికేసి సూసి అటు తిరిగి తొంగునేవోడు."

"ఇప్పుడు ఎక్కడుంది?"

ఆవిడ కందికాయల మీంచి తలెత్తి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"కిందటేడు భోగికి ఏసీసినామమ్మా. మావే పోకముందు సెప్పేడు. ముక్క నేని గుర్రాన్ని ఇంట్లో ఉంచొద్దు, మంటకిచ్చీండి అన్నాడు."

నా చేతిలో హ్యాండ్‌బ్యాగు ఉంది. జిప్పు మీద వేలు ఉంది. తీసి ఆవిడ చేతిలో పెట్టి, ఇదమ్మా ముక్క అనొచ్చు. ఏం చేసుకుంటుంది? కొన్ని కాయలు నాకూ చాటలో పోసి, వలవమంది. కాసేపు వలిచాను. వలిచిన గింజలు ఒక పొట్లం కట్టి ఇస్తే తీసుకుని, ఆటో ఎక్కి వచ్చేశాను. చెవి నాతోనే తిరిగొచ్చింది.

ఆ చలిదేశాలవాళ్లు దుంగలోంచి దాచిన ముక్క ఇంటిని కాపాడుతుందట, పుస్తకంలో ఉంది. నేను దాచిన ముక్క ఒక ఇంట్లో మూడు తరాల గుర్రాన్ని చంపింది. దాచడంలో కూడా తేడాలుంటాయని ఆ పుస్తకం రాసినాయన రాయలేదు.

మర్నాడు గంట కొట్టకముందే ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చేసింది. నేను మరిచిపోతాననుకున్నాను గానీ పిల్లలు ఇలాంటివి మరిచిపోరు. చేతిలో డ్రాయింగు కాగితం. తెల్ల దుప్పటి గుర్రాన్ని గీసి, చెవులకి ఎర్ర క్రేయాన్ వేసింది.

"టీచర్, రేపు సెప్తానన్నారు. పండగయిపోయాక గుర్రాన్ని ఎక్కడెడతారు?"

"నమ్మకమైనవాళ్ల ఇంట్లో పెడతారమ్మా," అన్నాను.

పిల్ల కాగితం మడుచుకుంటూ మళ్లీ అడిగింది.

"మరి మల్లీ పండక్కి ఆళ్లు తిరిగిచ్చీస్తారా టీచర్?"

ఇచ్చేస్తారని చెప్పాను. అబద్ధం ఆడటం నాకు కొత్తేమీ కాదు.